భోజనాల గంట కొట్టాక తిట్లొద్దు

హాస్టల్ అనగానే అందరూ మెనూ గురించే అడుగుతారు. గుడ్డు పెడుతున్నారా, పప్పు నీళ్ళగా ఉందా అని. అడగాల్సిందే. కానీ కంచం ముందు కూర్చున్న పిల్లాడి మనసు ఎలా ఉందని అడిగేవాళ్ళు తక్కువ.

మిత్రులారా, 1948లో జర్మనీలో జరిగిన సంగతి ఇది. యుద్ధం ముగిసిన రేషన్ రోజులు. ఎల్సీ విడోసన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త రెండు అనాథాశ్రమాల పిల్లల బరువులు తూస్తూ వచ్చారు. ఆరు నెలల తర్వాత ఒక ఆశ్రమానికి అదనంగా బ్రెడ్డు, జామ్, నారింజ రసం ఇచ్చారు. అయినా, అవేవీ అందని రెండో ఆశ్రమం పిల్లలే ఎక్కువ బరువు పెరిగారు! కారణం వెతికితే, భోజనాల వేళ అందరి ముందూ తిట్టే మేట్రన్ సరిగ్గా అప్పుడే రెండో చోటు నుంచి మొదటి చోటుకు మారింది. ఆమె వెంట తెచ్చుకున్న ముద్దుల పిల్లలు మాత్రం చక్కగా పెరిగారు.

ఎడతెగని భయం ఒంట్లో హార్మోన్ల పనిని తారుమారు చేస్తుంది. ఒకరు చిక్కిపోతారు, ఇంకొకరికి కొవ్వు పేరుకుంటుంది. ఇంటి గొడవల మధ్య పెరిగిన ఆడపిల్లల్లో కొందరు త్వరగా పెద్దమనిషి కావచ్చు. అర్ధాకలితో ఉన్నవాళ్ళకు అదే ఆలస్యమవుతుంది. 1998లో అమెరికాలో 9,508 మందిపై వెలువడిన అధ్యయనంలో, చిన్ననాటి కష్టాలు ఎక్కువ పడ్డవాళ్ళలో గుండెజబ్బులు, స్థూలకాయం ఎక్కువగా కనిపించాయి. అందరికీ అలాగే అవుతుందని కాదు, బెంగపడకండి.

ఆరో తరగతిలో నేనూ తిట్లు తిని అన్నం వదిలేసి లేచినవాణ్ణే. వార్డెన్ గార్లకూ, సీనియర్ అన్నలకూ నా మనవి ఒక్కటే. తప్పు చేస్తే స్టడీ అవర్లో మందలించండి. కొత్తగా చేరిన తమ్ముడు కంచం ముందు ఏడుస్తుంటే పక్కన కూర్చుని తినండి.