ఎలుక ఒకటే, శాఖలు రెండు

వరి పొట్టకొచ్చే వేళ పందికొక్కులు ఏం చేస్తాయో అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట రైతుకు వేరే చెప్పక్కర్లేదు. గట్లు తొలిచేస్తాయి, దుబ్బులు కొరికేస్తాయి, వెన్నులు బొరియల్లోకి లాక్కుపోతాయి. ఆ నష్టం గురించి వ్యవసాయ శాఖ మాట్లాడుతుంది. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ కలిపి ఎర పెట్టమంటుంది. మంచిదే. కానీ ఆ బొరియ తవ్విన మనిషికి రెండు వారాల తర్వాత జ్వరమొస్తే ఎవరు మాట్లాడాలి? మా తగువు ఇక్కడే.

ఎలుక మూత్రం, పెంటికలు, లాలాజలం ఎండి దుమ్ములో కలుస్తాయి. ఆ దుమ్ము పీలిస్తే హంటా వైరస్ సోకవచ్చు. జ్వరం, నడుం నొప్పి, కళ్ళెర్రబడడం. ముదిరితే రక్తస్రావం, మూత్రం తగ్గి కిడ్నీలు దెబ్బతినడం. కొరియా యుద్ధంలో 3 వేలమందికి పైగా సైనికులు ఈ జ్వరంతో పడిపోయారు. కారణమేమిటో 1976లో గానీ తేలలేదు. హో వాంగ్ లీ అనే శాస్త్రవేత్త పొలం ఎలుకలో ఆ వైరస్ జాడ పట్టాడు.

అది కొరియా సంగతి, మనకెందుకంటారా? 1964లోనే మన పక్కనున్న వేలూరులో, తొట్టపాళయం పేటలో పట్టిన కంపు చుంచులో ఈ కుటుంబపు వైరస్ దొరికింది. దాని పేరే తొట్టపాళయం వైరస్. దానివల్ల జనం జబ్బుపడ్డారని మేము అనడంలేదు. ఈ కుటుంబం మన నేలమీదా ఉందంటున్నాం. తర్వాత తమిళనాడులో జరిగిన పరిశోధనల్లో ఎలుకలు పట్టే గిరిజనుల్లో, గోదాముల్లో పనిచేసేవాళ్ళలో హంటా సోకిన ఆనవాళ్ళు రక్తంలో కనిపించాయి.

ఇంకో సంగతి. ఈ వైరస్ ఒక్కటి కాదు. చారల పొలం ఎలుకలో హంటాన్, ఊరెలుకలో సియోల్, థాయ్‌లాండ్ పెద్ద పందికొక్కులో థాయ్‌లాండ్ వైరస్. ఒక్కో జాతి ఎలుకది ఒక్కో రకం, ఒక్కో జన్యువు. హంటాన్ సోకితే నూటికి 5 నుంచి 15 మంది పోతారు. సియోల్ సోకితే పోయేది నూటికి ఒకరు. ఒక రకానికి చేసిన పరీక్ష ఇంకో రకాన్ని పట్టకపోవచ్చు. మరి మన పెన్నా డెల్టా పందికొక్కులో ఏముందో చూడకుండా జ్వరానికి పేరెలా పెడతారు? ఇంగ్లీషువాళ్ళ బాండికూట్ అనే మాట కూడా మన పందికొక్కు నుంచి పోయిందే. మాట మనదే, పరీక్షే మనకు లేదు.

ఎలుక జ్వరమంటే లెప్టోస్పైరోసిస్ కదా, మందులున్నాయి కదా అంటారు. లెప్టో బాక్టీరియా; దానికి యాంటీబయాటిక్స్ పనిచేస్తాయి. హంటాకు పనిచెయ్యవు. సెలైన్ ఎంత ఎక్కించాలో జాగ్రత్తగా చూడాలి, కిడ్నీలు ఆగితే డయాలసిస్ కావాలి. లక్షణాలు దగ్గరగా ఉంటాయి కాబట్టే రెండు పరీక్షలూ చెయ్యమంటున్నాం. బొరియలు లెక్కపెట్టే శాఖ, జ్వరాలు లెక్కపెట్టే శాఖ ఒక బల్ల దగ్గర కూర్చోకపోతే ఈ ముడి విడదు.

ఈ మాట మనకూ తగులుతుంది. బొరియలు తవ్వేది, పొగ పెట్టేది ఎక్కువగా యానాది సోదరులు. ఎలుకకింత అని చేతిలో పెట్టి పంపేస్తున్నాం. వాళ్ళ చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ ఉన్నాయా అని ఎప్పుడైనా అడిగామా?

మా డిమాండ్లు ఇవి. నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాలలో హంటా, లెప్టో పరీక్షలు రెండూ ఉచితంగా చెయ్యాలి. సామూహిక ఎలుకల నిర్మూలనలో పట్టిన ఎలుకల నమూనాలు ల్యాబుకు పంపాలి. ఎలుకలు పట్టేవాళ్ళకు తొడుగులు, మాస్కులు, బూట్లు ప్రభుత్వమే ఇవ్వాలి. ఈ జ్వరంతో కిడ్నీ పోయినా, ప్రాణం పోయినా పనిలో జరిగిన ప్రమాదంగా చూసి పరిహారం కట్టాలి.

ఈలోగా మన జాగ్రత్త మనం పడదాం. మూతపడిన కొట్టం, ధాన్యపు గది తెరిచాక గాలి ఆడనివ్వండి. పొడిగా ఊడ్వకండి, బ్లీచింగ్ నీళ్ళు చల్లి, తడి గుడ్డతో ఎత్తండి. జ్వరమొస్తే డాక్టరుకు ముందే చెప్పండి: ఎలుకల పని చేశానని. ఎడగారు నాట్లు పడేలోపు ఈ వినతిపత్రం ప్రతి మండల సంఘం తరఫున కలెక్టరుకు అందాలి.