గొలుసుకట్టు వ్యాపారం: తేల్చేది సరుకా, సభ్యత్వమా?

కోల్‌కతా: బహుళ అంచెల మార్కెటింగ్ సంస్థలన్నీ పిరమిడ్ మోసాలేనా? ఈ ప్రశ్నకు మన దేశంలో తొలి గీటురాయి కోల్‌కతా కేసులోనే లభించింది. 7,000 రూపాయల మూలధనంతో 1975లో ఇక్కడ వెలసిన సంచయిత ఇన్వెస్ట్‌మెంట్స్, కాగితంపై 12 శాతం వడ్డీ చూపుతూ డిపాజిటర్లకు ఒక దశలో 48 శాతం దాకా ముట్టజెప్పింది. 1980 డిసెంబరులో కేసు నమోదు కాగా, 1982లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. 1978నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం వర్తించాలంటే అధిక వడ్డీ ఒక్కటే చాలదు. ఆదాయానికి, కొత్త సభ్యుల చేరికకు లంకె ఉండాలని ధర్మాసనం స్పష్టం చేసింది.

ఆ లంకే పాతికేళ్ల తర్వాత హైదరాబాద్‌లో కీలకమైంది. ఆమ్‌వే పథకం ప్రాథమికంగా ఇదే చట్టం పరిధిలోకి వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అభిప్రాయపడింది. సబ్బులు, పోషకాహార ఉత్పత్తులు నిజంగానే అమ్ముతున్నా, తన కింద చేరినవారి ద్వారా వచ్చే కమీషన్‌ను న్యాయస్థానం పరిగణనలోకి తీసుకుంది. 2022లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ పిరమిడ్ మోసం ఆరోపణతో ఆ సంస్థకు చెందిన 757 కోట్ల రూపాయలకు పైగా ఆస్తులను జప్తు చేసింది. చట్టబద్ధంగానే నడుచుకుంటున్నామన్నది సంస్థ వాదన.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మాత్రం 1979లో ఇదే సంస్థను పిరమిడ్ కాదని తేల్చింది. కొన్న సరుకులో కనీసం 70 శాతం అమ్మాలి, నెలకు పదిమంది కొనుగోలుదారులు ఉండాలి, మిగిలిన సరుకును తిరిగి తీసుకోవాలి అన్న నిబంధనలు అందుకు ఆధారం. అంటే పేరును బట్టి కాక, డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న దాన్ని బట్టే నిర్ణయం.

చేరికలపైనే నడిచే పథకం కూలిపోవడం లెక్క ప్రకారమే ఖాయం. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్చుకుంటూ పోతే 13వ అంచెకే సభ్యుల సంఖ్య 152 కోట్లు దాటుతుంది. దేశ జనాభా అంత లేదు. చివరి అంచెల్లో చేరినవారి సొమ్మే పైవారి లాభం; నష్టపోయేది చాలావరకు బంధుమిత్రుల మాట నమ్మినవారే.

2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన ప్రత్యక్ష విక్రయ నిబంధనలు పిరమిడ్ పథకాలను నిషేధించి, పర్యవేక్షణ బాధ్యతను రాష్ట్రాలకూ అప్పగించాయి. అయితే నిఘా వ్యవస్థలు మేల్కొనేలోగా సామాన్యుడు తనకు తానే వేసుకోదగ్గ ప్రశ్న ఒకటుంది: రేపటి నుంచి కొత్తవారెవరూ చేరకపోయినా, సరుకు అమ్మకంతోనే ఈ ఆదాయం నిలుస్తుందా? నిలవదంటే, దాని పేరు ఏదైనా స్వరూపం పిరమిడే.