రికార్డు ఎవరు రాస్తున్నారు, పరికరం ఎవరి చేతిలో ఉంది?

ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు ఆడపిల్లల్ని పిలిచి మరీ పనిలో పెట్టుకుంటాయి. వాళ్ళవి సన్నని వేళ్ళట, ఓపిక ఎక్కువట, ఎదురు మాట్లాడరట! బోర్డుల మీద విడిభాగాలు అతికే పని వాళ్ళకి, ఆ బోర్డును రూపొందించే పని మగవాళ్ళకి. కాంతితో పనిచేసే ఎలక్ట్రానిక్స్‌లో, అంటే ఆప్టోఎలక్ట్రానిక్స్‌లో కూడా ఇదే పంపకం సాగాలా? అమ్మాయిలు కాలేజీలో ఏం నేర్చుకుంటారన్న దాన్నిబట్టి ఇది చాలావరకు తేలుతుంది.

డిప్లొమా, ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలకు ఇంట్లో ఇచ్చే సలహా ఒకటే: "ప్రోగ్రామింగ్ నేర్చుకో, నీడపట్టున ఉద్యోగం." ప్రోగ్రామింగ్ అవసరమే. కానీ అదొక్కటే చాలదు. ఆస్పత్రిలో వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్‌నే చూడండి. ఎరుపు కాంతి, కంటికి కనిపించని పరారుణ కాంతి వేలి గుండా వెళ్ళి ఫోటోడయోడ్‌ మీద పడతాయి. అక్కడ పుట్టేది అతి స్వల్పమైన కరెంటు. దాన్ని పెంచాలి, అనవసరపు అలజడిని వడకట్టాలి, అంకెలుగా మార్చాలి. ప్రోగ్రాము పని ఆ తర్వాతే. ఈ పరికరం తెల్లవారిలో కంటే నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గుదలను ఎక్కువసార్లు పసిగట్టలేకపోయిందని 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. ఎవరి వేళ్ళ మీద పరీక్షించాలో నిర్ణయించే చోట మనం లేకపోతే జరిగే నష్టం ఇలాంటిదే.

అందుకే అనలాగ్ సర్క్యూట్లు, అర్ధవాహకాల భౌతికశాస్త్రం, కాంతిశాస్త్రం, కొలతలు ముందు నేర్చుకోవాలి. మైక్రోకంట్రోలర్లు, సిగ్నల్ ప్రాసెసింగ్ ఆ వెనుక. ప్రోగ్రామింగ్‌ను ఒక కంప్యూటరుంటే ఇంట్లోనైనా నేర్చుకోవచ్చు. ఆసిలోస్కోపు, లేజరు, కాంతి తీవ్రతను కొలిచే మీటరు ఇంట్లో దొరకవు. అవి ల్యాబ్‌లోనే దొరుకుతాయి.

మరి ల్యాబ్‌లో ఏం జరుగుతోంది? నలుగురికి ఒక పరికరం. అబ్బాయిలు మీటలు తిప్పుతారు. "నీ దస్తూరీ బాగుంటుంది" అని రికార్డు అమ్మాయికి అప్పగిస్తారు. సాయంత్రం ల్యాబ్ ఖాళీగా ఉన్నా, ఆమె హాస్టల్ గేటు మూసేలోపు వెళ్ళిపోవాలి. మార్కులు వస్తాయి, పనితనం రాదు. తర్వాత ఇంటర్వ్యూలో "ఆడపిల్లలకు ప్రాక్టికల్ రాదు" అంటారు!

1901 నుంచి ఇస్తున్న భౌతికశాస్త్ర నోబెల్‌ను 2018లో లేజర్ పరిశోధనకు అందుకున్న డోనా స్ట్రిక్‌లాండ్ ఆ బహుమతి పొందిన మూడో స్త్రీ మాత్రమే. ఆ రంగం మనకు అందనంత దూరంలోనూ లేదు. భారత్ ఎలక్ట్రానిక్స్ మచిలీపట్నం యూనిట్ చీకట్లో చూపునిచ్చే పరికరాలకు పేరుపొందింది. కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో 1995 నుంచి ఫోటోనిక్స్‌కు ప్రత్యేక విభాగం ఉంది.

బాలికల చదువు కోసం పనిచేసే సంఘాలు సీట్లు, స్కాలర్‌షిప్పుల దగ్గరే ఆగిపోకూడదు. ప్రతి విద్యార్థినీ తన చేత్తో ప్రయోగం చేసే ఏర్పాటు, సాయంత్రం ల్యాబ్ వేళలకు తగ్గ హాస్టల్ నియమాలు, క్షేమంగా తిరిగొచ్చే రవాణా, లేజర్ల దగ్గర కళ్ళకు రక్షణ - వీటిని హక్కులుగా అడగాలి. మీ ఊరి పాలిటెక్నిక్‌కు ఈసారి వెళ్ళినప్పుడు అమ్మాయిలు ఎంతమంది ఉన్నారని లెక్కపెట్టడంతో సరిపెట్టకండి. పరికరం ఎవరి చేతిలో ఉందో చూడండి.