ఆటలో లెక్క: రాతి భటుడికి వచ్చిన కష్టం

పిల్లలూ,

ఈ నెల మామిడిపల్లి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మామిడిపల్లి శంషాబాదు విమానాశ్రయం దగ్గిర ఉన్న ఊరు. రాసిన అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. తన పేరు వెయ్యవద్దని కోరాడు, కనక వెయ్యటం లేదు. ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"మామయ్యా, మేము అయిదుగురు స్నేహితులం ఆదివారాలు సెల్‌ఫోనులో ఒక ఆట ఆడతాము. ఎవరి ఇంట్లో వాళ్ళం ఉండే ఆన్‌లైనులో కలుసుకుంటాము. ఒక్కొక్కరిది ఒక్కొక్క వేషం. రాక్షసుడి ఎదట నిలబడేది నేను. మంత్రం వేస్తే ఒక రాతి భటుడు వచ్చి నా ముందు నిలిచి దెబ్బలు కాస్తాడు. 10 సెకన్లు ఉండి మాయమవుతాడు. ఒకసారి పిలిచినవాడు మళ్ళీ 50 సెకన్లకుగాని పిలవలేడు. ఈ మంత్రం సంపాదించటానికి నాకు మూడు నెలల ఆదివారాలు పట్టినై. తరవాత మిగిలిన నలుగురూ సంపాదించారు. పోయిన నెల ఆట తయారుచేసినవాళ్ళు భటుడి బలం తగ్గించారు. ఇదివరకు నూటికి 90 పాళ్ళ దెబ్బ ఆపేవాడు, ఇకమీదట 80 పాళ్ళే ఆపుతాడట. 'ఇది చిన్న మార్పు' అని ప్రకటించారు. కాని నేను సరిగా సగం సేపట్లో చచ్చిపోతున్నాను! పది తగ్గిస్తే సగం ఎట్లా అవుతుంది? వాళ్ళు అబద్ధం చెప్పారు గదా? ఈ నెల ఇంకొకటి చేశారు. ఒకరి భటుడు వెళ్ళిపోయాక 20 సెకన్లదాకా జట్టులో ఎవరూ భటుణ్ణి పిలవరాదట. కష్టపడి సంపాదించుకున్నది వాళ్ళెట్లా తీసేసుకుంటారు?"

ఉత్తరం చివర, ఏదో గుర్తుకొచ్చి రాసినట్టు, ఇంకో మాట ఉన్నది: "వైద్యుడి వేషం వేసే మావాడు రెండు నెలల కిందటే ఆట మానేశాడు. బళ్ళో కూడా నాతో సరిగా మాట్లాడటం లేదు."

దాని కింద వాళ్ళ అమ్మగారు వేరే సిరాతో ఒక ప్రశ్న రాశారు: "ఈ ఆటవల్ల పిల్లవాడికి చదువు ఏమన్నా వస్తుందాండీ?"

ముందు పది సంగతి చూద్దాం.

ఒక కుండకు అడుగున సమానమైన చిల్లులు పది ఉన్నాయనుకోండి. నిండా నీళ్ళు పోస్తే 10 నిమిషాలలో కుండ ఖాళీ అవుతుంది. మీ అమ్మ మైనం పెట్టి తొమ్మిది చిల్లులు మూసేసింది. ఇప్పుడు కారేది ఒక్క చిల్లే గనక, కుండ ఖాళీ కావటానికి 100 నిమిషాలు పడుతుంది. ఇంతలో ఒక మైనపు ముద్ద ఊడిపోయింది. మూసినవి ఎనిమిది. "పోయింది ఒక్క ముద్దే గదా!" అంటాం. కాని కారే చిల్లులు ఒకటి కాస్తా రెండయినై! కుండ 50 నిమిషాలలో ఖాళీ అవుతుంది.

రాతి భటుడి కథ అచ్చంగా ఇదే. నీ ప్రాణం 1000 అనుకో. రాక్షసుడు సెకనుకు 100 చొప్పున తీస్తున్నాడు. భటుడు లేకపోతే 10 సెకన్లలో నీ పని సరి. భటుడు సగం ఆపితే 20 సెకన్లు బతుకుతావు. 80 పాళ్ళు ఆపితే 50 సెకన్లు. 90 ఆపితే 100 సెకన్లు. 95 ఆపితే 200. నూటికి 99 పాళ్ళు ఆపితే 1000 సెకన్లు, అంటే 16 నిమిషాల 40 సెకన్లు! నూటికి నూరూ ఆపితే ఇక నీకు చావు లేదు.

అంచేత ఆపిన పాళ్ళు చూస్తే లెక్క తెగదు, జారిపోయిన పాళ్ళు చూడాలి. భటుడి బలం సున్నా నుంచి 10కి పెరిగితే నీకు ఒక్క సెకను పైచిలుకు కలిసివస్తుంది. అదే పది, 80 నుంచి 90కి పెరిగితే 50 సెకన్లు కలిసివస్తుంది. ప్రకటన రాసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఐతే 'చిన్న మార్పు' అన్న మాట మాత్రం, నా దృష్టిలో, అనవలసిన మాట కాదు. వాళ్ళకు ఈ లెక్క తెలిసే ఉంటుంది.

అసలు ఎందుకు తగ్గించారు? భటుడు ఒంటరివాడు కాడు గనక.

ఒక్కడివే ఆడితే 50 సెకన్లలో భటుడు నీ ముందు ఉండేది 10 సెకన్లే. మిగిలిన 40 సెకన్లూ నీ తిప్పలు నువ్వు పడాలి. కాని మీరు అయిదుగురు. నీ భటుడు పోగానే రెండోవాడు పిలుస్తాడు, తరవాత మూడోవాడు, నాలుగోవాడు, అయిదోవాడు. అయిదు పదులు యాభై. అయిదో భటుడు మాయమయ్యే క్షణానికి నీ మంత్రం మళ్ళీ సిద్ధం! మంత్రం తయారుచేసినవాళ్ళు పది సెకన్ల గొడుగు ఇద్దామనుకున్నారు. అయిదుగురు చేరేసరికి అది ఇంటికప్పు అయి కూర్చున్నది.

ఇక ఆ వైద్యుడి సంగతి. రాక్షసుణ్ణి పడగొట్టటానికి మీ జట్టుకు 60 సెకన్లు పడుతుందనుకుందాం. భటుడు 90 పాళ్ళు ఆపుతూ ఎడతెగకుండా నిలబడితే నువ్వు 100 సెకన్లు బతుకుతావు. నీకు వైద్యం దేనికి? ఆ అబ్బాయి ప్రతి ఆదివారం వచ్చి, మందుల సంచీ చంకన పెట్టుకుని, మీ వెనక నిలబడి, భటుణ్ణి పిలవటానికి తన వంతు వచ్చినప్పుడు ఒక మీట నొక్కి ఊరుకున్నాడన్నమాట. నీ ఉత్తరం ప్రకారం అతను మానేసింది రెండు నెలల కిందట. అంటే ఈ మార్పులు రాకముందు, మీరు ఓటమి ఎరగకుండా గెలుస్తున్న రోజుల్లో! ఈ సంగతి ఒకసారి ఆలోచించు, నాయనా.

ఇప్పుడు భటుడి బలం 80 చేసి చూద్దాం. సెకనుకు 20 ప్రాణం జారుతుంది. 50 సెకన్లలో చచ్చిపోతావు, రాక్షసుడికి ఇంకా 10 సెకన్ల ఆయువు ఉంటుంది. కాని వైద్యుడు సెకనుకు 15 చొప్పున నీకు ప్రాణం పోస్తే, నికరంగా పోయేది 5 మాత్రమే. 200 సెకన్లు నిలబడతావు. వైద్యుడు ఉంటే గెలుపు, లేకపోతే ఓటమి! మొదటి మార్పు మీ స్నేహితుడికి మళ్ళీ పని కల్పించింది. అది మంచి మార్పే అంటాను.

మన పెద్దలకు ఈ తూకం తెలియక కాదు. కురుక్షేత్రంలో పధ్నాలుగో రోజున ద్రోణుడు దుర్యోధనుడికి మంత్రించిన బంగారు కవచం తొడిగాడు. అర్జునుడు వేసిన బాణాలన్నీ దానికి తగిలి కింద పడినై. ఆ కవచం అట్లాగే ఉండిపోతే ఇక కథేమున్నది? కాని కవచం అరచేతులను కప్పదు! అర్జునుడు అది కనిపెట్టి, విల్లు విరగగొట్టి, గుర్రాలను చంపి, అరచేతుల్లో బాణాలు నాటాడు. దుర్యోధనుణ్ణి ఇతరులు వచ్చి కాపాడవలసి వచ్చింది. మర్నాడు అశ్వత్థామ నారాయణాస్త్రం వేస్తాడు. అది విఫలం కాగా, మళ్ళీ వెయ్యమంటాడు దుర్యోధనుడు. రెండోసారి వేస్తే అది వేసినవాణ్ణే చంపుతుందంటాడు అశ్వత్థామ. ఒకటి కప్పని చోటు, ఇంకొకటి ఒక్కసారికే చెల్లుబాటు. ఈనాటి ఆటలు చేసేవాళ్ళు పట్టుకునేవి కూడా ఈ రెండు పగ్గాలే.

రెండో మార్పు దగ్గిర మాత్రం నేను అబ్బాయి పక్షమే. 10 సెకన్లు భటుడు, ఆపైన 20 సెకన్లు ఖాళీ. వైద్యుడు ఉన్నా సరే, మొదటి 10 సెకన్లలో 50 ప్రాణం పోతుంది. ఆ తరవాత సెకనుకు 85 చొప్పున పోతూ ఉంటే ఇరవయ్యొకటో సెకను దాటగానే పడిపోతావు. రాక్షసుడు చావటానికి 60 కావాలి! (మీ ఆటలో దెబ్బ తప్పుకుని పరిగెత్తే ఉపాయం ఉంటే అది వేరే లెక్క.) పైగా రెండు మార్పులూ ఒకదాని వెంట ఒకటి చెయ్యటం నాకు నచ్చలేదు. చారులో ఉప్పూ కారమూ రెండూ ఒక్కసారే మార్చి రుచి చూస్తే, చెడింది దేనివల్లనో ఎట్లా తెలుస్తుంది? మొదటిది చేసి, పదిమంది ఆడేది చూసి, అప్పుడు రెండోది చెయ్యాలి.

ఖాళీ అసలు వద్దనటం లేదు. మామిడిపల్లి పిల్లలకు ఖాళీ సంగతి నేను చెప్పాలా? విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచినప్పటినుంచీ మీ ప్రాంతంలో విమానాలు వరసగా దిగుతూనే ఉన్నై. విమానం వెళ్ళిన దారిలో గాలి సుడులు తిరుగుతుంది. ముందున్న విమానం ఎంత పెద్దదైతే సుడి అంత బలం. అందుకని వెనక వచ్చేదాన్ని కొంత ఎడంగా ఉంచుతారు. ఎడం తగ్గితే ప్రమాదం, మరీ పెంచితే ఆకాశంలో తిరుగుతూ వేచి ఉండేవాటి వరస పెరుగుతుంది. ఎంత ఎడం అన్నది లెక్క వేసి నిర్ణయించవలసిందే.

మన భటుడికి 20 సెకన్లకు బదులు 2 సెకన్ల ఖాళీ పెట్టి చూశాను. భటుడున్న 10 సెకన్లలో 50, ఖాళీలో 170, మొత్తం 12 సెకన్లకు 220 పోతుంది. నాలుగు విడతలకు, అంటే 48 సెకన్లకు 880. మిగిలింది 120. అయిదో భటుడు ఉన్నంతసేపూ 50 పోయి, 58వ సెకనుకు 70 మిగులుతుంది. తరవాత ఒక్క సెకను కూడా నిలవలేవు. 59వ సెకను నిండకుండానే నువ్వు పడిపోతావు, రాక్షసుడు పడవలసింది 60లో! జట్టులో ఒక్కరు ఒక్క దెబ్బ గట్టిగా కొడితే గెలుపు మీది, ఒక్కరు ఏమరితే వాడిది. ఇటువంటి ఆట అంటే నేను కూడా వచ్చి కూర్చుంటాను.

ఎంత లెక్క వేసినా అన్నీ ముందే తెలుస్తాయనుకోకండి. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆటలో 2005 సెప్టెంబరులో ఒక చిత్రం జరిగింది. ఒక ప్రత్యేకమైన చోట ఉండే రాక్షసుడు తనతో పోరాడేవాళ్ళకు అంటురోగం తగిలిస్తాడు. అది ఆ చోటు దాటకూడదని చేసినవాళ్ళ ఉద్దేశం. కాని ఆటగాళ్ళు పిలిస్తే వచ్చే పెంపుడు జంతువులకు కూడా రోగం అంటింది. అక్కడ వాటిని పంపేసి, ఊళ్ళోకి వచ్చి మళ్ళీ పిలిచారు. జంతువు రోగంతోసహా ప్రత్యక్షమయింది! ఆ లోకంలో పట్నాలు శవాలతో నిండినై. చివరికి ఆట తయారుచేసినవాళ్ళు దాన్ని సరిచేశారు. రోగాల వ్యాప్తిని పరిశోధించే లాఫ్‌గ్రెన్, ఫెఫర్‌మన్ అనే ఇద్దరు 2007లో దీన్ని గురించి ఒక వైద్య పత్రికలో వ్యాసం రాశారు.

సెల్‌ఫోను లేనివాళ్ళు కూడా ఈ తూకం చూడవచ్చు. పులి మేక ఆట మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. గుళ్ళలో బండలమీద ఆ గీతలు చెక్కి ఉండటం మీరు చూసే ఉంటారు. 23 స్థానాలు, 3 పులులు, 15 మేకలు. మేకలను ఒక్కొక్కటే పిలిచి పెట్టాలి. మేక ఎవరినీ చంపలేదు. దాని వెనక స్థానం ఖాళీగా ఉంటే పులి దూకి చంపుతుంది, ఇంకో మేక ఉంటే దూకలేదు. ఆ 15ను 12 చేసి, పక్షాలు మారుస్తూ పదిసార్లు ఆడి, ఎవరు ఎన్నిసార్లు గెలిచారో పలకమీద రాయండి. తరవాత 18 చేసి చూడండి. నేపాలులో దీనికి చుట్టం ఒకటి ఉన్నది, పేరు బాగ్ చాల్. 4 పులులు, 20 మేకలు. ఇద్దరూ ఎక్కడా పొరపాటు చెయ్యకపోతే అందులో ఎవరూ గెలవరని కంప్యూటరుతో లెక్కించి తేల్చిన వ్యాసం 2009లో అచ్చయింది. ఎవరో పెద్దలు ఏ కంప్యూటరూ లేకుండానే ఆడి ఆడి ఆ అంకెలు కుదిర్చారు!

ఇక అబ్బాయి చివరి ప్రశ్న: సంపాదించుకున్నది ఎట్లా తీసుకుంటారు? నీ బాధ అర్థమయింది. మూడు నెలల ఆదివారాలంటే తక్కువ కాదు. మార్చేముందు చెప్పవలసింది, ఎందుకో వివరించవలసింది. కాని చిర్రగోనె ఆడేటప్పుడు ఒకడు ఎంతకీ అవుటు కాకుండా పొద్దుగూకేదాకా కొడుతూనే ఉంటే, ఏరుకొచ్చేవాళ్ళు ఏం చేస్తారు? ఇంటికి వెళ్ళిపోతారు. వాడి చేతిలో కర్ర ఉంటుంది, ఆడటానికి ఎవరూ ఉండరు. ఆ భటుణ్ణి డబ్బుకు కూడా అమ్ముతున్నారేమో చూసి నాకు రాయి. అమ్మేవాడి చేతిలో త్రాసు ఉన్నప్పుడు ముల్లు ఎటు మొగ్గుతుందో మీ అమ్మగారికి తెలుసు.

అమ్మగారూ, మీ ప్రశ్నకు జవాబు: ఊరికే మీట నొక్కితే ఏమీ రాదు. పది తగ్గితే సగం ఎందుకయిందని అడిగినవాడికి మాత్రం భిన్నాలు వచ్చినై. ఆదివారం మొత్తం కాకుండా ఒక పూట ఇవ్వండి. ఆ వైద్యుడి వేషం అబ్బాయిని మధ్యాహ్నం భోజనానికి పిలవండి. ఈ లెక్కలు ఇద్దరూ కలిసి నేలమీద చింతపిక్కలతో వేసి చూస్తారు. ఒక్కొక్క పిక్క 10 ప్రాణం అనుకుంటే నూరు పిక్కలు చాలు.

వాళ్ళిద్దరికీ, మీ అందరికీ ఈ నెల ప్రశ్న: ఖాళీ 2 సెకన్లకు బదులు ఒక్క సెకనే ఐతే, రాక్షసుడు పడే 60వ సెకనుకు ఎంత ప్రాణం మిగులుతుంది? జవాబు వచ్చే నెల ఇదే పేజీలో చూడండి.