ఇంట గెలిచి రచ్చ గెలుద్దాం
ఆన్‌లైన్ సమూహాల్లో న్యాయమైన మోడరేషన్ కోసం ప్రణాళిక

మేమెవరం

పౌరహక్కులు, కులం, స్త్రీల స్వేచ్ఛ, రాజ్యం చేసే దౌర్జన్యం గురించి మాట్లాడుకునే తెలుగు వాట్సాప్, టెలిగ్రామ్, ఫేస్‌బుక్ గ్రూపుల సభ్యులం మేం. మాలో గ్రూపుల్లోంచి రిమూవ్ అయినవాళ్లున్నారు, రిమూవ్ చేసిన అడ్మిన్లూ ఉన్నారు. రెండు వైపులా నిలబడి చూశాకే ఈ ప్రణాళిక రాస్తున్నాం.

ఎందుకు కలిశాం

1977లో మేనకా గాంధీని పాస్‌పోర్టు అప్పగించమని ప్రభుత్వం ఆదేశించింది. ఎందుకని అడిగితే, ప్రజా ప్రయోజనం దృష్ట్యా కారణం చెప్పబోమంది. ఒక మనిషి స్వేచ్ఛను హరించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలనీ, ఆ మనిషి వాదన వినాలనీ 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పి తీరాలని రాజ్యాంగం 22వ అధికరణం అంటుంది. ఇవన్నీ మన గ్రూపుల్లో చాలామందికి కంఠతా వచ్చు.

అదే గ్రూపులో ఒక రాత్రి ఒక సభ్యురాలు అడ్మిన్ పోస్టును విమర్శిస్తుంది. తెల్లారేసరికి ఆమె ఉండదు. ఎందుకని అడిగినవాళ్లకు “గ్రూపు వాతావరణం చెడుతోంది” అని జవాబు వస్తుంది. మళ్లీ అడిగితే వాళ్లూ ఉండరు. ఆనాటి ప్రభుత్వం చెప్పిన ప్రజా ప్రయోజనానికీ, మనం చెప్పే వాతావరణానికీ తేడా ఏమిటి?

గ్రూపు జైలు కాదు కదా, పోయి ఇంకొకటి పెట్టుకోవచ్చు కదా అంటారు. వెలి కూడా జైలు కాదు. కానీ వెలి ఎంత పెద్ద శిక్షో ఈ నేలకు తెలుసు.

మాలో నాయకులే లేరు, అందరం సమానం, మాకు నియమాలెందుకు అని ఇంకొందరంటారు. అమెరికా స్త్రీవిముక్తి ఉద్యమంలో ఈ మాటనే విని విని, ఆ ఉద్యమ కార్యకర్త జో ఫ్రీమన్ 1970లో జవాబు చెప్పింది. నియమాలు రాసుకోని చోట పెత్తనం మాయం కాదు, స్నేహితుల చిన్న గుంపు చేతికి పోతుందని ఆమె వాదన. ఎవరూ ఎన్నుకోనివాళ్లను ఎవరూ దించలేరు కూడా.

మేం మోడరేషన్‌కు వ్యతిరేకులం కాం. కులం పేరెత్తి తిట్టేవాణ్ణి, ఆడవాళ్ల ఇన్‌బాక్సుల్లో దూరేవాణ్ణి, ఇంటి చిరునామాలు బయటపెట్టేవాణ్ణి భరించమనడం స్వేచ్ఛ కాదు. వాళ్లను ఉండనిస్తే ముందుగా చప్పుడు చేయకుండా వెళ్లిపోయేది బలహీనులే. కంచె కావాలి. ఆ కంచే చేను మేయకూడదు.

మా సూత్రాలు

1. నియమాలు ముందే రాసి, చేరిన రోజే చూపాలి. గొడవ జరిగాక పుట్టిన నియమం ఆ గొడవకు వర్తించదు.

2. తొలగించే ముందు ఏ పోస్టు, ఏ నియమాన్ని మీరిందో చెప్పాలి. సంజాయిషీకి రెండు రోజులివ్వాలి.

3. వేధింపు, బెదిరింపు కనిపిస్తే వెంటనే ఆపాలి. విచారణ ఆ తర్వాత జరపాలి. ఫిర్యాదు చేసినవారి పేరు పొక్కకూడదు.

4. తన తగాదాలో తానే తీర్పరి కాకూడదు. అడ్మిన్‌ను విమర్శించిన పోస్టు మీద ఆ అడ్మిన్ చేయి వేయకూడదు.

5. మొదటి నిర్ణయంలో పాలుపంచుకోని ముగ్గురు సభ్యులు అప్పీలు వినాలి.

6. శిక్ష తప్పుకు తగ్గట్టు ఉండాలి. ముందు హెచ్చరిక, తర్వాత కొన్నాళ్ల నిలుపుదల, చివరికే తొలగింపు.

7. అడ్మిన్‌గిరీ ఆరు నెలలే. జీతం లేని, నిద్ర చెడగొట్టే ఆ చాకిరీని అందరం వంతులవారీగా మోయాలి.

8. మూడు నెలలకోసారి ఎన్ని పోస్టులను, ఎందరు సభ్యులను, ఏ కారణాలతో తీసేశారో లెక్క చెప్పాలి. తొలగింపుల లెక్క, నోటీసు, అప్పీలు కావాలని 2018లో శాంటా క్లారా సూత్రాలు పెద్ద సోషల్ మీడియా కంపెనీలను అడిగాయి. కంపెనీలను అడిగేది మనల్ని మనం అడగకపోతే ఎలా?

మా కట్టుబాటు

ఈ సూత్రాలను ముందు మా గ్రూపుల్లో అమలు చేస్తాం. మాకు నచ్చని మనిషికీ వర్తింపజేస్తాం, ఎందుకంటే నచ్చినవాళ్లకు న్యాయం చేయడానికి నియమాలు అక్కర్లేదు. అప్పీలులో నిర్ణయం వీగిపోతే ఆ అడ్మిన్ గ్రూపులోనే, అందరి ముందూ క్షమాపణ చెబుతారు. ఓడిన సభ్యులు స్క్రీన్‌షాట్లు పట్టుకుని ఊరంతా తిరగరు.

పిలుపు

అడ్మిన్ మిత్రులారా, మీరు రేయింబవళ్లు పడే శ్రమ మాకు తెలుసు. ఆ బరువు పంచుకోవడానికే వస్తున్నాం. సభ్యులారా, మీకు గిట్టని మనిషిని తీసేసిన రోజున కూడా కారణం అడగండి.

ఇంటి నుంచే మొదలుపెడదాం. మీ గ్రూపులోంచి చివరిసారి తీసేసిన మనిషికి కారణం రాసి ఈరోజే పంపండి. జవాబుగా వాళ్లేం చెబుతారో వినండి.