నాన్నగారి జబ్బు నాకూ వస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 52 ఏళ్ళు. నలభై దాటినప్పటి నుంచీ చేతులు, పాదాలు, దవడ పెరుగుతూ వచ్చాయి. ఇప్పుడు ‘ఆక్రోమెగలీ’ అని తేల్చారు. మా వంశంలో మరెవరికీ లేదు. నాకు సంబంధాలు చూస్తున్నారు. ఇది వంశపారంపర్యమా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: చాలామందిలో కాదు. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అందులో చిన్న గడ్డ లేచి గ్రోత్ హార్మోనును అతిగా తయారుచేస్తే ఈ జబ్బు వస్తుంది. సాధారణంగా ఇది క్యాన్సర్ కాదు. లోపం ఆ గడ్డలోని కణాలకే పరిమితం కనుక పిల్లలకు సంక్రమించదు.

కొద్ది కుటుంబాల్లో మాత్రం వంశంలో దిగుతుంది. అందుకు ఒక కారణం ‘ఏ.ఐ.పి.’ అనే జన్యువులో లోపమని 2006లో కనుగొన్నారు. ఆ లోపం తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. సంక్రమించినా ఎక్కువమందికి జబ్బు రాదు. ఇలాంటి కుటుంబాల్లో జబ్బు తరచు చిన్న వయసులోనే బయటపడుతుంది. రక్తసంబంధీకుల్లో మరొకరికి కూడా ఉండవచ్చు. మీ ఇంట్లో ఈ రెండూ లేవు. కనుక మీరు నిశ్చింతగా పెళ్ళి చేసుకోవచ్చు.

ఎప్పుడైనా ఉంగరం బిగుసుకుపోయినా, చెప్పుల సైజు పెరిగినా, విడవని తలనొప్పి ఉన్నా ‘ఐ.జి.ఎఫ్.–1’ రక్తపరీక్ష చేయించుకోండి. ముందు నాన్నగారి వైద్యం చూడండి. అశ్రద్ధ చేస్తే మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు రావచ్చు. ముక్కు ద్వారా చేసే ఆపరేషన్‌తో గడ్డను తీసివేయవచ్చు. అవసరమైతే ఇంజక్షన్లూ ఉన్నాయి.