కూలర్‌కి మఫ్లర్

నడి చలికాలంలో జోధ్‌పూర్ నుంచి షిల్లాంగ్ వచ్చాం. రజాయిల పెట్టె దారి తప్పింది. ఎయిర్ కూలర్ మాత్రం భద్రంగా దిగింది. స్నేహితురాలిని వదిలొచ్చిన మా అమ్మాయి రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు తన మఫ్లర్ తీసి కూలర్‌కి చుట్టి, "పాపం, దీనికీ ట్రాన్స్‌ఫరే!" అంది. ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వాం. చలేమీ తగ్గలేదనుకోండి.

బదిలీ పిల్లలకు "ధైర్యంగా ఉండాలి" అని చెప్పడం నాకు నచ్చదు. ఏడుపొస్తే ఏడవండి. కానీ నవ్వొచ్చే వింత కనిపిస్తే వదలకండి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టర్ పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరి, ఆడవాళ్ల టోపీ పెట్టుకుని తిరిగాడు. ఆ సంగతి మనకు చెప్పేదీ అతనే, దాచుకోకుండా.

కొత్త బడిలో మొదటిరోజు మీరేం చేశారో నాకు రాసివ్వండి. నేనైతే స్టాఫ్‌రూమనుకుని బయాలజీ ల్యాబులోకి వెళ్లి, అస్థిపంజరానికి నమస్కారం పెట్టాను.